చవక దెయ్యం ఎందుకు భయపెడుతుంది?

ప్రశ్న: మా చిన్నతనంలో వీసీఆర్ అద్దెకు తెచ్చి, వీధిలోని పిల్లలందరం ఒకే గదిలో కూర్చుని రామ్సే సోదరుల హిందీ దెయ్యం సినిమాలు చూసేవాళ్లం. ఈమధ్య, ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయితో కలిసి వాటిలో ఒకటి మళ్లీ చూశాను. రబ్బరు ముఖం కనబడగానే వాడు పడీ పడీ నవ్వాడు, కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. అయినా మర్నాడు మరొకటి చూడాలనిపించింది. ఇది కేవలం పాత రోజుల మీది మోజేనా, లేక ఆ సినిమాల్లో నిజంగా ఏమైనా సరుకుందా?
- ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నవ్వినందుకు మీరు నొచ్చుకోనక్కరలేదు. నవ్విన తరువాత కూడా చూడాలనిపించింది అన్నారు చూడండి, సరుకున్నదనడానికి అదే సాక్ష్యం. పాత రోజుల మీది మోజు ఒక సినిమా దాకా లాక్కొస్తుంది గానీ, రెండో సినిమా దాకా తీసుకురావడం కష్టం.

రామ్సేలు ఏడుగురు అన్నదమ్ములు. ఒకరు కథ రాస్తే ఇద్దరు దర్శకత్వం చూసుకునేవారు. కెమెరా, శబ్దగ్రహణం, కూర్పు వంటివి మిగిలినవారు పంచుకునేవారు. 1972లో వచ్చిన ‘దో గజ్ జమీన్ కే నీచే’ కోసం వారు బృందంతో సహా మహాబలేశ్వర్‌లోని ఒక అతిథిగృహంలో దిగి, అక్కడే చిత్రీకరణ జరిపారు. అంత తక్కువ పెట్టుబడితో పని చేసేవారికి సెట్టు వేసే స్తోమత ఎలాగూ ఉండదు కనుక, పాత బంగళా, దాని చుట్టూ ఉన్న పొగమంచు, చెట్లు కథలో భాగమైపోయాయి. 1984లో వచ్చిన ‘పురానా మందిర్’ ఆ ఏటి పెద్ద విజయాల్లో ఒకటిగా నిలవడానికి కారణం రబ్బరు ముఖం ఒక్కటే అయితే, మీ అబ్బాయి నవ్విన నవ్వే అప్పటి హాళ్లన్నీ నవ్వి ఉండాలి.

డబ్బు లేని దర్శకుడి దగ్గర చూపించడానికి దెయ్యం ఉండదు. ఉన్నది ఒక మాస్కు, అదీ వెలుతురులో నిలబెడితే పరువు తీసేది. కాబట్టి దానిని వీలైనంత సేపు దాచిపెట్టక తప్పదు. దాచిపెట్టినంత సేపూ తెర మీది ఖాళీని నింపే పని తలుపు చప్పుడు, గాలి, రీరికార్డింగ్, పాత్రధారి కళ్లు చేయాలి. ఈ తరహా సినిమాలలో అసలు పనితనం దెయ్యం బయటపడటానికి ముందున్న అరగంటలోనే ఉంటుందని నా అభిప్రాయం. మీరు చిన్నప్పుడు భయపడినదీ ఆ అరగంటకే, మీ అబ్బాయి నవ్వినదేమో దాని తరువాతి నిమిషానికి. ఈసారి ఇద్దరూ ఆ అరగంటను శ్రద్ధగా చూసి, ఎక్కడ ఏ చప్పుడు వాడారో, వెలుతురు ఎటునుంచి వస్తున్నదో మాట్లాడుకోండి. ఇంజనీరింగ్ విద్యార్థికి ఆ లెక్క తప్పక నచ్చుతుంది.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ జాన్ కార్పెంటర్ 1978లో దాదాపు మూడు లక్షల డాలర్లతో తీసిన ‘హాలోవీన్’. అందులోని హంతకుడి మాస్కు దుకాణంలో రెండు డాలర్ల లోపు కొన్నది. ఒక టీవీ ధారావాహికలోని అంతరిక్ష నౌక కెప్టెన్ ముఖానికి అచ్చు తీసిన మాస్కు అది. దాని కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టేశారు. కథ అక్టోబరులో జరుగుతుంది, చిత్రీకరణ మాత్రం వసంతకాలంలో జరిగింది. అందుకని ఆకులకు రంగు వేసి వీధిలో చల్లి, షాటు కాగానే తిరిగి సంచులకెత్తుకుని మరో వీధిలో వాడుకున్నారు. సంగీతం కూడా దర్శకుడిదే, నాలుగు దెబ్బల తాళం అలవాటైన చెవికి కుదురు దొరకనివ్వని ఐదు దెబ్బల నడకలో ఉంటుంది. చివరి భాగంలో నాయిక ఒక గుమ్మం పక్కన నిలబడి ఏడుస్తుంటే, ఆమె వెనుక చీకటిగదిలో మొదట ఏమీ కనబడదు. తరువాత, కన్ను చీకటికి అలవాటు పడుతున్నదేమో అనిపించేంత మెల్లగా, ఆ తెల్లని ముఖం తేలుతుంది. ఛాయాగ్రాహకుడు ఒక చిన్న దీపం వెలుతురును నెమ్మదిగా పెంచాడు, అంతే. దానికైన ఖర్చు ఎంతని లెక్క వేయగలం?

ఇంకా మూడేళ్లకు వచ్చిన ‘ఈవిల్ డెడ్’లో అసలు దెయ్యమే కనబడకుండా అడవిలో పరుగెత్తుతుంది. పట్టాల మీద నడిచే ఖరీదైన బండి వారికి అందుబాటులో లేదు. కెమెరాను ఒక చెక్కకు బిగించి, ఆ చెక్కను రెండు వైపులా ఇద్దరు పట్టుకుని, నేలకు జానెడెత్తులో మొక్కల మధ్య నుంచి పరుగు తీశారు. ఆ కుదుపు తెర మీద దెయ్యం నడకగా మారింది.

అంత దూరం పోనక్కర లేకుండానే మనవాళ్లకు ఈ విద్య తెలుసు. విఠలాచార్యగారి ‘జగన్మోహిని’లో, 1978లో, దెయ్యం తన కాళ్లనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ మంట, ఆ కాళ్లు, ఏమీ ఎరగనట్టున్న ఆ ముఖం ఒకే చోట చూసిన ప్రేక్షకుడు ట్రిక్కు గురించి ఆలోచించడు. ఇంటి వంటగదిలోకి వెళ్లడానికి ఆ రాత్రి వెనకాడతాడు. కాల్షీట్లివ్వని హీరోను ఆయన చిలకగానో కోతిగానో మార్చేసి కథ నడిపించేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. విజయవాడ గాంధీనగర్‌లోని సినిమా పంపిణీ కార్యాలయాల దారిలో కాసేపు నిలబడితే ఇలాంటివి మరికొన్ని వినబడతాయి, అన్నీ నమ్మవలసిన పని లేదు.

చవకగా తీసినదల్లా గొప్పదేనని మాత్రం నేననను. రామ్సేల సినిమాల్లో కథకు సంబంధం లేని హాస్యపు ట్రాకులు సహనాన్ని పరీక్షిస్తాయి. వాటిని ముందుకు జరిపేస్తే పాపం తగలదు. ఇక ‘ప్లాన్ నైన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ వంటివి ఉన్నాయి. అందులో డ్రాక్యులాగా పేరుపడ్డ నటుడు బేలా లుగోసీ 1956లో చనిపోవడంతో, ఆయనతో పోలికే లేని మరొకరు అంగీ అంచుతో ముఖం కప్పుకుని ఆ పాత్రను నడిపించారు. దానిని నవ్వుకోవడానికే చూస్తారు. అదీ ఆనందమే అయినా, రెండు గంటలు పరిహాసం చేయడం త్వరగా విసుగెత్తించే పని.

ప్రశ్న: నాకు దెయ్యం కథలంటే ఇష్టం, నెత్తురంటే కళ్లు తిరుగుతాయి. యండమూరి ‘తులసిదళం’ చదివి పెరిగినదాన్ని. పాత హారర్ సినిమాలలో నేను చూడదగినవి ఉన్నాయా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉన్నాయండీ. మీరు మొదట 1962 నాటి ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ చూడండి. దర్శకుడు హెర్క్ హార్వీ కాన్సాస్ రాష్ట్రంలో ఒక సంస్థకు విద్యా, పారిశ్రామిక చిత్రాలు తీసిపెట్టే ఉద్యోగి. ఒకసారి కారులో వస్తూ యూటాలోని ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడిన పెద్ద వినోదశాలను చూశాడు. దాని చుట్టూ ఒక కథ అల్లించి, ఉద్యోగానికి సెలవు పెట్టి సినిమా తీశాడు. ఆయన తీసిన ఒకే ఒక్క కథాచిత్రం అదే. వంతెన మీదనుంచి కారు నదిలో పడిపోతే, అందులోని యువతి ఒక్కర్తే చాలాసేపటి తరువాత బురదతో బయటికి నడిచివస్తుంది. ఆమె చర్చిలో ఆర్గన్ వాయించే కొలువులో చేరుతుంది. సినిమా అంతటా వినిపించే సంగీతం కూడా ఆ ఆర్గన్‌దే. ఆమెను వెంటాడే పాలిపోయిన ముఖం దర్శకుడిదే. నెత్తురు చుక్క కూడా లేదు, భయం మాత్రం మర్నాటి మధ్యాహ్నం వరకూ వదలదు.

తెలుగులో అయితే, విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన రాంగోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ని సిఫారసు చేస్తాను. రేవతి నటన మీద నడిచే చిత్రమది, మాస్కుల మీద ఆధారపడదు.

‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ పేరు విని మీరు పారిపోవడం సహజం. వింతేమిటంటే 1974 నాటి ఆ సినిమాలో చూపించే నెత్తురు చాలా తక్కువ. తల్లిదండ్రుల సలహాతో పిల్లలూ చూడదగిన వర్గీకరణ దొరుకుతుందని దాని దర్శకుడు ఆశపడ్డాడు కూడా. అయినా మీకది వద్దు. అందులోని రంపం చప్పుడు, అరుపులు నెత్తురు కన్నా ఎక్కువ కళ్లు తిప్పుతాయి.

ప్రశ్న: ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అంతర్జాలంలో పూర్తిగా ఉచితంగా దొరుకుతున్నది. దాన్ని చూడటం దొంగతనం కాదా?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: కాదు. చచ్చినవాళ్లు లేచి నడిచే ఈ చిత్రాన్ని జార్జ్ రొమేరో 1968లో పిట్స్‌బర్గ్ పరిసరాల్లో, లక్షా పద్నాలుగు వేల డాలర్లకు అటూ ఇటూగా తీశారు. చిత్రానికి ముందు వేరే పేరుండేది. విడుదలకు ముందు పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత పేరు పక్కనున్న కాపీరైటు ప్రకటన కూడా తీసేసి, కొత్త పేరు దగ్గర చేర్చడం మరిచిపోయారు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకపోతే హక్కు లేనట్టే. తీసినవారికి అది పెద్ద నష్టం, సినిమాకు మాత్రం ఊరూరా, టీవీ టీవీకీ తిరిగే స్వేచ్ఛ దక్కింది.

నలుపు తెలుపు చిత్రం కావడంతో నెత్తురుకు చాక్లెట్ సిరప్ సరిపోయింది. మొదటి దృశ్యాన్ని మటుకు జాగ్రత్తగా చూడండి. అన్నాచెల్లెళ్లు తండ్రి సమాధి దగ్గరకు వస్తారు, అన్న చెల్లెలిని ఆటపట్టిస్తుంటాడు, వెనుక దూరంగా ఎవరో ఒక మనిషి తూలుతూ నడుస్తుంటాడు. దారిన పోయేవాడనుకుని మనమూ పట్టించుకోం.

ఉచితంగా దొరికే కాపీల్లో చాలావరకు అరిగిపోయిన ప్రింట్లనుంచి తీసినవే, ముఖాలు బూడిదరంగు మచ్చల్లా కనిపిస్తాయి. 2016లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించిన ప్రతి ఉన్నది. దానిని వెతికి చూడండి. ఫోన్‌లో చూడక తప్పకపోతే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, గదిలో దీపం ఆర్పండి. రాత్రి పదకొండు తరువాత మొదలుపెడితే ఇంట్లోవాళ్లతో ముందే చెప్పి ఉంచడం మేలు, మధ్యలో ఎవరైనా మంచినీళ్లకు లేచి మీ వెనుక నిలబడితే ఆ పూటకు సినిమా అయిపోయినట్టే.