ప్లేటు ఎంత బరువన్నది తర్వాత, ముందు ఎక్కడ పెట్టుకుంటున్నారో చూడండి

నెల రోజులుగా సిటప్స్ చేస్తున్నానని, ఈ వారం 5 కేజీల ప్లేటు (జిమ్‌లో వాడే గుండ్రటి ఇనుప బరువు) పట్టుకుని మొదలుపెడితే నడుము కింద లాగుతోందని, బరువు తగ్గించాలా మొత్తం మానేయాలా అని అడిగారు. ప్రస్తుతానికి ప్లేటు పక్కన పెట్టండి. మళ్లీ తీసుకోవచ్చు, ఇప్పుడే కాదు.

నేనూ ఈ తప్పే చేశాను, మీకంటే తొందరపడి. పెళ్లికి మూడు నెలలుందనగా విజయవాడలో ఓ జిమ్‌లో చేరాను. వాలుగా ఉండే బెంచీ మీద ఒకతను 10 కేజీల ప్లేటు తల వెనక పెట్టుకుని చకచకా లేస్తున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఏడోసారి లేస్తుంటే మెడ కలుక్కుమంది. పది రోజుల పాటు వెనక నుంచి ఎవరు పిలిచినా ఒళ్లంతా తిప్పి చూడాల్సి వచ్చింది. పెళ్లి బట్టల కొలతలు కూడా ఆ మెడతోనే ఇచ్చాను.

నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే వీధి చివరి దాకా నడుస్తాం. అదే బిందె చేతులు చాచి పట్టుకోమంటే నిమిషం కూడా ఆగలేం. ప్లేటూ అంతే. నడుముకి ఎంత దూరంగా ఉంటే అంత బరువవుతుంది. ఛాతీ మీద తేలిగ్గా ఉండే 5 కేజీలు తల వెనక్కి వెళ్లేసరికి మోయలేనంత అవుతాయి. పైగా అలసిపోయాక చేతులు మనకు తెలియకుండానే తలని ముందుకు గుంజేస్తాయి.

మీ నడుము సంగతికొస్తే, భుజాలు నేల మీద నుంచి లేచేదాకానే పొట్ట కండరం ముఖ్యంగా పనిచేస్తుంది. అక్కణ్నుంచి పూర్తిగా లేపి కూర్చోబెట్టేది తుంటి ముందున్న కండరాలు. వాటిలో ముఖ్యమైనది సోయాస్, దాని ఒక కొస నడుము వెన్నుపూసలకే అతుక్కుని ఉంటుంది. చేతిలో బరువు పెరిగితే అది వెన్నుపూసల్ని ఇంకా గట్టిగా లాగుతుంది. మీకు లాగుతున్నది బహుశా ఇదే. అందుకే నేను బరువుతో సిటప్స్ మానేసి క్రంచెస్‌కి మారాను. భుజాలు లేచాయా, ఆగి, మెల్లగా దిగడం, అంతే. చూసేవాళ్లకి ఏమీ చేయనట్టే ఉంటుంది, పొట్టకి మాత్రం తెలుస్తుంది.

నేను పెట్టుకున్న లెక్క ఇది: బరువు లేకుండా నిదానంగా 15 చొప్పున మూడు సెట్లు వచ్చాకే 2.5 కేజీల ప్లేటు. పడుకున్నాక దాన్ని పక్క నుంచి ఛాతీ మీదకి జరుపుకుంటాను, ముఖం మీదుగా తీసుకురాను. చెమట చేతుల్లో ఇనుము జారుతుంది, ఒకసారి ముక్కు దగ్గర తప్పింది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంట్లో చేస్తే లీటరు నీళ్ల సీసా చాలు, దాదాపు కేజీ. జిమ్‌కి వెళ్తుంటే మోకాళ్ల మీద కూర్చుని, పైనున్న కేబుల్‌కి కట్టిన తాడు లాగుతూ చేసే క్రంచ్ నాకు బాగా నచ్చింది. చేతకాకపోతే తాడు వదిలేయొచ్చు, బరువు మన మీద పడదు.

రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని పక్కలకి వంగేవాళ్లని చూసే ఉంటారు. ఒక పక్క బరువు రెండో పక్కదానికి సరితూగిపోతుంది, తక్కెడలాగా. చేస్తే ఒక చేత్తోనే చేయాలి. ఇక, ప్లేటు పెడితే పొట్ట కొవ్వు అక్కడే కరుగుతుందనుకోకండి. నాది తగ్గింది రాత్రి అన్నం తగ్గించాకే.

రెండు వారాలు ఉత్త క్రంచెస్ చేసి చూడండి. అప్పుడూ లాగితే, లేదా నొప్పి కాల్లోకి పాకినా తిమ్మిరెక్కినా ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి. హెర్నియా ఉన్నా, ఆపరేషన్ అయినా, ముందే అడగాలి. ఇంతకీ పాదాలు మంచం కింద ఇరికించి చేస్తున్నారా? అది రాయలేదు. అలా చేస్తే తుంటి కండరాల లాగుడు ఇంకా పెరుగుతుంది.