“మీ మామ ఇంకా రాలేదేందే?” అంటే ఏం చెప్పాలె?

ప్రశ్న: మా అత్తమ్మకు 74 ఏండ్లు. అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) అని పోయినేడు డాక్టర్ చెప్పిండు. మామ పోయి ఆరేండ్లాయె. అయినా “మీ మామ చేన్కాడికెళ్లి ఇంకా రాలేదేందే?” అని దినాం అడుగుతది. చనిపోయిండంటే ఏడుస్తది, అరగంటకు మళ్లీ అదే మాట. పొద్దుగూకితే “మా ఇంటికి తోలియ్యి” అని మూట కడ్తది. పైసలు నేనే తీసిన్నని వచ్చినోళ్లందరికీ చెప్తది. ఏమని జవాబియ్యాలె?
– ఒక కోడలు, దేవరకొండ

జవాబు: ఈ జబ్బులో ముందు దెబ్బతినేది కొత్త సంగతిని పట్టి ఉంచే శక్తి. పాతవి చాలాకాలం నిలుస్తాయి. ఆమె లెక్కలో మామ చేనుకే పోయిండు. చనిపోయిండని మీరు చెప్పిన ప్రతిసారీ ఆమెకది కొత్త కబురే. మాట అరగంటలో చెరిగిపోయినా దుఃఖం అంత తొందరగా పోదు. ఎందుకు ఏడుపొస్తుందో ఆమెకే తెలియదు. అందుకే ఆ కబురు మళ్లీ మళ్లీ చెప్పకండి. “వస్తడు” అని అబద్ధమాడే పని కూడా లేదు. పక్కన కూర్చుని “మామ యాదికొచ్చిండా? చేన్ల ఏం ఏసేటోడు?” అనండి. ఆముదాలో కందులో, మాట అటు మళ్లుతుంది. “చచ్చిపోయిండా?” అని తనే సూటిగా అడిగితే మాత్రం దాచొద్దు. “అవునత్తమ్మా” అని చెయ్యి పట్టుకోండి.

మాట్లాడేముందు టీవీ బంద్ చేసి, ఎదురుగా, ఆమె కండ్ల ఎత్తుకు కూర్చోండి. “తానం చేసి చీర మార్చుకొని రా, తిందాం” అంటే ఆమెకు ఏదీ అందదు. “లే అత్తమ్మా” అని ఆగండి. జవాబుకు పది సెకన్లయినా పట్టవచ్చు. ఆ లోపల మాట మార్చి అడిగితే అది ఇంకో ప్రశ్న అయిపోతుంది, ఆలోచన మళ్లీ మొదటికొస్తుంది. తిరిగి చెప్పాల్సొస్తే అవే మాటలతో చెప్పండి. “ఏం తింటవ్?” కన్నా “రొట్టెనా, బువ్వనా?” నయం.

“ఇదే నీ ఇల్లు” అని వాదిస్తే మూట ఇంకింత గట్టిగా కడ్తది. ముందు ఆకలి, ఒంటేలు, నొప్పి ఉన్నాయేమో చూడండి. మసక వెలుతురులో నీడలు మనుషుల్లా తోస్తాయి, కాబట్టి చీకటి పడకముందే లైట్లు వెయ్యండి. నాలుగు దాటాక చాయ్ వద్దు. ఆ వేళకు పల్లికాయలు ఒలిచే పని ఇవ్వండి. పొట్టు గింజల్లో కలిసినా ఏమనకండి. ఎప్పుడైనా తప్పిపోతే పనికొస్తుంది, మీ ఫోన్ నంబరు రాసిన బట్టముక్కను రవిక లోపల కుట్టండి.

పైసల సంగతిలో “నేను తియ్యలే” అన్నారంటే కొట్లాటే. “పోయినయా? దేవులాడుదాం పా” అనండి. బియ్యం డబ్బా, దిండు గలీబు చూడండి. మీకు కనబడ్డా చప్పుడు చెయ్యక, ఆమె చేతికే దొరికేట్టు చూడండి. చుట్టాలకు జబ్బు సంగతి ముందే చెప్పి పెట్టండి. మీ ఓపిక అయిపోయిన రోజు మనసు బాధలు వినే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: పట్నం నుంచి పోతే నాయిన నన్ను గుర్తుపట్టలేదు. “నేనెవర్ని చెప్పు?” అంటే కోపానికొచ్చిండు.
– ఒక కొడుకు, నాగర్‌కర్నూల్

జవాబు: ఆ ప్రశ్న ఇంక అడగొద్దు. అది పరీక్ష, ఆయనకు అవమానం. గడపలోనే “నాయినా, నేను నీ చిన్నకొడుకును” అని పేరుతో సహా చెప్పండి. మిమ్మల్ని తన తమ్ముడనుకుంటే అనుకోనివ్వండి.

ప్రశ్న: అమ్మకు మతిమరుపున్నా మంచిగనే ఉండేది. రెండు దినాలసంది మత్తుగ పడుకుంటది, లేస్తే ఏదేదో మాట్లాడుతది. జబ్బు ముదిరినట్టేనా?
– ఒక బిడ్డ, వనపర్తి

జవాబు: అల్జీమర్స్ నెలల మీద ముదురుతుంది, రెండు రోజుల్లో కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు లేదా సోడియం తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, జలుబు మాత్ర – ఏదైనా కావచ్చు. ముసలివాళ్లకు ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఇవాళే దవాఖానకు తీసుకుపోండి, వేసుకునే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకోండి. డాక్టరుతో “మతిమరుపుంది” అని మొదలుపెట్టకండి. “మొన్నటిదాకా ఇట్ల లేదు” అన్న మాట ముందు చెప్పండి.