జీరో ప్రీమియం అంటున్నారు, తీసుకోమంటారా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. 1998లో హెచ్1 మీద వచ్చాను, ఇప్పుడు సిటిజన్‌ని. ఈ నవంబరు 14కి నాకు 65 నిండుతాయి. 2027 మార్చి 31న రిటైర్ అవుదామనుకుంటున్నాను. మా కంపెనీలో నాలుగొందల మంది పనిచేస్తారు. ఇన్సూరెన్స్ హెచ్‌ఎస్‌ఏతో (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) వచ్చే హై డిడక్టబుల్ ప్లాన్ (ముందు పెద్ద మొత్తం మనమే కట్టుకోవాలి), మా ఆవిడ కూడా దాని మీదే ఉంది. ఆవిడకి జూన్‌లో 61 నిండాయి. ఒక డే కేర్‌లో ఆరేళ్లు పనిచేసి మానేసింది. నాకు షుగర్ ఉంది, 2021లో ఒక స్టెంట్ వేశారు. రిటైరయ్యాక ఏటా సంక్రాంతికి ముందే విజయవాడ వెళ్లి మూడు నాలుగు నెలలు ఉండాలని ఆలోచన. మొన్న బ్రిడ్జ్‌వాటర్ గుడి క్యాంటీన్‌లో దోశ తింటుంటే ఒక మిత్రుడు తన మెడికేర్ అడ్వాంటేజ్ కార్డు తీసి చూపించాడు. "జీరో ప్రీమియం, పళ్లు, కళ్లు, జిమ్ అన్నీ అందులోనే. సప్లిమెంట్‌కి డబ్బులు తగలేయకు" అన్నాడు. నాకు వచ్చిన కొటేషన్‌లో సప్లిమెంట్ ప్లాన్ జి నెలకు 178 డాలర్లు ఉంది. ఏది తీసుకోవాలి? 2025లో మా ఆదాయం లక్షా డెబ్భై వేల డాలర్లు. ఇంకో మాట, కానూరులో ఒక స్థలం ఉంది. ఈ ఏడాదే అమ్మేద్దామా అనుకుంటున్నాం, కోటి రూపాయల దాకా లాభం వస్తుంది.

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే, ఆయన కార్డుకి ప్రీమియం లేదు. అయితే ఆయన గుండెలో స్టెంట్ ఉందా, ఆయన ఏటా నాలుగు నెలలు విజయవాడలో ఉంటారా అన్నది మీరు రాయలేదు. మీ వివరాలు చూశాక నా సలహా ఇదీ: ఒరిజినల్ మెడికేర్ (65 నిండినవాళ్లకి ప్రభుత్వమే నేరుగా ఇచ్చే ఆరోగ్య బీమా), దాని మీద ప్లాన్ జి సప్లిమెంట్, చవకలో మందులకి ఒక డ్రగ్ ప్లాన్. అన్నీ కలిపి నెలకు నాలుగొందల డాలర్ల పైనే అవుతుంది. ఎందుకు పెట్టమంటున్నానో చెబుతాను.

ఒరిజినల్ మెడికేర్‌లో రెండు భాగాలు. హాస్పిటల్ ఖర్చుకి పార్ట్ ఎ, డాక్టర్లకీ టెస్టులకీ పార్ట్ బి. ఇన్నేళ్లుగా మీ పే స్టబ్‌లో 1.45 శాతం మెడికేర్ ట్యాక్స్ కట్ అవుతోంది కదా, పదేళ్లు అలా కట్టినవాళ్లకి పార్ట్ ఎ ప్రీమియం లేకుండా వస్తుంది. పార్ట్ బికి 2026లో నెలకు 202.90 డాలర్లు. అడ్వాంటేజ్ తీసుకున్నా ఈ 202.90 కట్టాల్సిందే. క్యాంటీన్ కబుర్లలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఒరిజినల్ మెడికేర్‌లో అసలు చిక్కు ఏమిటంటే, పార్ట్ బి బిల్లుల్లో 20 శాతం మనమే కట్టాలి, దానికి పైహద్దు లేదు. హాస్పిటల్‌లో చేరితే 2026లో పార్ట్ ఎ డిడక్టబుల్ 1,736 డాలర్లు. ఏడాదికి ఒకసారే కట్టి ఊరుకునేది కూడా కాదు, ఇంటికొచ్చి 60 రోజులు దాటాక మళ్లీ చేరితే మళ్లీ కట్టాలి. ఈ ఖాళీలు పూడ్చడానికే సప్లిమెంట్, దీన్నే మెడిగ్యాప్ అంటారు. ప్లాన్ జి ఉంటే ఏడాదికి ఒకసారి పార్ట్ బి డిడక్టబుల్ 283 డాలర్లు మీరు కడతారు. మెడికేర్ ఒప్పుకున్న బిల్లుల్లో మిగతాది మీ జేబుదాకా దాదాపు రాదు. మెడికేర్ తీసుకునే ఏ డాక్టర్ దగ్గరికైనా వెళ్లొచ్చు, రేపు పిల్లల దగ్గరికని డాలస్ మారినా అదే పాలసీ నడుస్తుంది. ప్లాన్ జి ఏ కంపెనీ అమ్మినా లోపల సరుకు ఒకటే. కాబట్టి 178 చూసి ఆగిపోకుండా ఇంకో రెండు మూడు కొటేషన్లు తెప్పించండి. గత ఐదేళ్లలో ఏటా ఎంత పెంచారో ఏజెంటుని గట్టిగా అడగండి.

అడ్వాంటేజ్ అంటే మీ మెడికేర్‌ని ఒక ప్రైవేటు కంపెనీ చేతికి అప్పగించడం. నెట్‌వర్క్ (ఆ కంపెనీతో ఒప్పందమున్న డాక్టర్ల జాబితా) ఉంటుంది, ఖరీదైన టెస్టులకీ ఆపరేషన్లకీ ముందస్తు అనుమతి అడుగుతారు. జేబు ఖర్చుకి పైహద్దు ఉండటం మంచి విషయమే. నెట్‌వర్క్‌లో 2026కి ఆ హద్దు 9,250 డాలర్లు మించకూడదు, చాలా ప్లాన్లలో ఇంకా తక్కువే ఉంటుంది. ఆదాయం పరిమితంగా ఉండి, తమ డాక్టర్లందరూ నెట్‌వర్క్‌లోనే ఉండి, ఊరు కదలనివాళ్లకి నేనే అడ్వాంటేజ్ తీసుకోమని చెప్పిన సందర్భాలున్నాయి. పళ్లకీ కళ్లకీ ఒరిజినల్ మెడికేర్ మామూలుగా ఇవ్వదు, అదీ నిజమే. కానీ రూట్ కెనాల్ ఖర్చు మీరు భరించగలరు. నా భయమల్లా ఇంకో స్టెంట్ గురించి.

అసలు విషయం ఇక్కడుంది. పార్ట్ బి మొదలైన రోజు నుంచి ఆరు నెలలపాటు ఏ మెడిగ్యాప్ కంపెనీ అయినా మిమ్మల్ని ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడక్కుండా పాలసీ ఇవ్వాలి, స్టెంట్ ఉందని రేటు పెంచకూడదు. ఆ ఆరు నెలలు దాటితే న్యూజెర్సీలో కంపెనీలు ప్రశ్నల పత్రం ముందు పెట్టొచ్చు, కాదనొచ్చు. హడ్సన్ నది దాటితే న్యూయార్క్‌లో ఏడాది పొడవునా ప్రశ్నలు లేకుండా ఇస్తారు. కనెటికట్‌లోనూ అంతే. మనకి ఆ భాగ్యం లేదు. సప్లిమెంట్ నుంచి అడ్వాంటేజ్‌కి ఏ ఏడాదైనా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపు మారొచ్చు. అటునుంచి ఇటు రావడమే కష్టం. అడ్వాంటేజ్‌ని ఏడాది చూసి వెనక్కి వచ్చే ట్రయల్ హక్కు ఒకటుంది గానీ, అది 65 నిండగానే అందులో చేరినవాళ్ల కోసం. మీలా ఉద్యోగం వల్ల ఆలస్యంగా వచ్చేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు.

నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇలాగే 65లో జీరో ప్రీమియం తీసుకున్నారు. మూడేళ్లు హాయిగా గడిచాయి, డాక్టర్ దగ్గరికి వెళ్లిందే రెండుసార్లు. నాలుగో ఏడు బైపాస్ అన్నారు. ఆయన నమ్మిన సర్జన్ నెట్‌వర్క్‌లో లేరు. ఆపరేషన్ ఎలాగో అయింది. తర్వాత మెడిగ్యాప్‌కి మారదామని మూడు కంపెనీలకి అప్లై చేశారు. ఆ ఫారాలు మా ఆఫీసు బల్ల మీదే నింపాం. "గత రెండేళ్లలో గుండెకి సంబంధించిన చికిత్స" అన్న గడి దగ్గర ఆయన పెన్ను ఆగిపోయింది. మూడూ తిరిగొచ్చాయి.

అందుకే ఎప్పుడు ఏది మొదలుపెట్టాలన్నది మీకు చాలా ముఖ్యం. నవంబరులో పార్ట్ ఎ మాత్రమే తీసుకోండి. పార్ట్ బి ఇప్పుడే వద్దు. ఇరవై మంది గానీ అంతకు మించి గానీ ఉన్న కంపెనీలో ఉద్యోగం చేస్తున్నంతకాలం బి ఆలస్యం చేసినా పెనాల్టీ పడదు. తొందరపడి నవంబరులోనే బి తీసుకుంటే ఆ ఆరు నెలలు ఏప్రిల్‌తో అయిపోతాయి, అవసరం లేని రోజుల్లోనే గడువు కరిగిపోతుంది. బి 2027 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యేలా మార్చిలో సీఎంఎస్-40బి ఫారం, మీ కంపెనీ సంతకం చేసే సీఎంఎస్-ఎల్564 ఫారం సోషల్ సెక్యూరిటీ వాళ్లకి ఇవ్వండి. అప్పుడు మీ మెడిగ్యాప్ తలుపు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తెరిచి ఉంటుంది. సెప్టెంబరు దాకా ఆగమని కాదు, ఏప్రిల్ 1 నుంచే జి నడిచేలా ముందే అప్లై చేయండి.

హెచ్‌ఎస్‌ఏ విషయంలో చాలామంది దెబ్బతింటారు. మెడికేర్ ఏ భాగం మొదలైనా ఆ నెల నుంచి హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయకూడదు. "అయితే పార్ట్ ఎ కూడా మార్చి దాకా ఆపుదాం" అని మీకు అనిపించొచ్చు, లాభం లేదు. ఆలస్యంగా అడిగితే వాళ్లు పార్ట్ ఎని ఆరు నెలలు వెనక్కి జరిపి ఇస్తారు, 65 నిండిన నెల కంటే వెనక్కి మాత్రం వెళ్లరు. మీ లెక్కలో ఎటు తిరిగినా నవంబరు ఒకటే అవుతుంది. 2026కి ఫ్యామిలీ పరిమితి 8,750, దానికి 55 దాటినవాళ్ల అదనపు వెయ్యి. అందులో పది నెలల వంతు 8,125 డాలర్లు మీ హద్దు, కంపెనీ వేసేది కూడా ఇందులోనే. మీ శ్రీమతి పేరున విడిగా ఖాతా తెరిస్తే ప్లాన్‌లో ఉన్నంతవరకు ఆవిడ వేసుకోవచ్చు.

ఇప్పుడు మీ శ్రీమతి సంగతి. మెడికేర్‌లో ఫ్యామిలీ ప్లాన్ అంటూ లేదు, ఎవరి కార్డు వారిదే. ఆరేళ్ల ఉద్యోగం సరిపోకపోయినా 65 నిండాక మీ రికార్డు మీద ఆవిడకి పార్ట్ ఎ ఉచితంగానే వస్తుంది, ఆ దిగులు వద్దు. మధ్యలో ఈ మూడేళ్ల పైచిలుకే సమస్య. మీరు మానేశాక ఆవిడకి కోబ్రా అనే చట్టం కింద కంపెనీ ప్లాన్ కొనసాగించొచ్చు. పేరు చూసి భయపడకండి, ప్రీమియం చూసి భయపడండి: కంపెనీ వాటాతో సహా మొత్తం మనమే కట్టి పైన రెండు శాతం వేస్తారు. మామూలుగా ఇది 18 నెలలే. కానీ ఉద్యోగం మానేయడానికి ముందు 18 నెలల లోపు మీరు మెడికేర్‌లో చేరి ఉంటే, చేరిన తేదీ నుంచి 36 నెలలు భార్యకి వస్తుంది. నవంబరులోనే పార్ట్ ఎ తీసుకోమన్నది ఇందుకు కూడా. అలా చేస్తే ఆవిడకి 2028 సెప్టెంబరుతో అయిపోవాల్సింది 2029 అక్టోబరు ఆఖరు దాకా నడుస్తుంది. అక్కడి నుంచి 2030 జూన్‌లో ఆవిడ మెడికేర్ వచ్చేదాకా ఏడు నెలలు మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదిక) కొనుక్కోవాలి. ఈ 36 నెలల నియమం హెచ్‌ఆర్‌లో అందరికీ తెలియదు, రాతపూర్వకంగా అడగండి. మార్కెట్‌ప్లేస్ ధర కూడా పక్కన పెట్టి చూడండి, మీ ఆదాయం తగ్గాక అదే చవక కావచ్చు.

విజయవాడలో మెడికేర్ పనిచేయదు. ప్లాన్ జిలో విదేశీ ఎమర్జెన్సీకి కొంత ఉంది: 250 డాలర్ల డిడక్టబుల్ తర్వాత 80 శాతం, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా, అదీ ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు మొదలైన ఎమర్జెన్సీకే. డిసెంబరు మొదటి వారంలో దిగితే కనుమ దాటి రెండు మూడు వారాలు తిరిగేసరికి గడువు చెల్లినట్టే. ఆ తర్వాతి నెలలకి ట్రావెల్ పాలసీ కావాలి, పాత జబ్బులకి ఇస్తారో లేదో చదివి మరీ కొనండి. ఏటా వెళ్లేవాళ్లకి నాకు ఇంకో దారి నచ్చుతుంది. ఇండియాలోనే ఒక హెల్త్ పాలసీ తీసుకోవడం. ఓసీఐ ఉన్నవాళ్లకి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ మూడేళ్లకి మించకూడదని 2024లో అక్కడి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. షుగరూ స్టెంటూ దాచకుండా రాయండి. ఇవాళ మొదలుపెడితే మీకు 68 వచ్చేసరికి ఆ గడువు తీరిపోతుంది.

మందులు సూట్‌కేసులో తెచ్చుకుంటాం, డ్రగ్ ప్లాన్ ఎందుకు అని చాలామంది అంటారు, మీరు అడగకపోయినా చెప్పేస్తున్నాను. పార్ట్ డి, అంటే ఈ డ్రగ్ ప్లాన్ లేకుండా ఎన్ని నెలలు గడిపితే అన్ని శాతాలు పెనాల్టీ, జీవితాంతం. 2026 మూల ప్రీమియం 38.99 డాలర్లు. ఐదేళ్లు ఆగితే నెలకు 23 డాలర్ల పైనే అదనం. కంపెనీ ప్లాన్ పోయాక 63 రోజులు దాటనివ్వకండి. మీ కంపెనీ మందుల కవరేజీ మెడికేర్‌తో సమానమో కాదో చెబుతూ ఏటా ఒక ఉత్తరం పంపిస్తారు. హై డిడక్టబుల్ ప్లాన్లలో కొన్నిసార్లు సమానం కాదు కూడా. ఆ ఉత్తరం వెతికి పెట్టుకోండి.

కానూరు స్థలం ఈ ఏడాది అమ్మొద్దు. పార్ట్ బి ప్రీమియం రెండేళ్ల కిందటి ఆదాయం చూసి వేస్తారు, ఎక్కువ ఉంటే ఇర్మా అని సర్‌చార్జి పడుతుంది. 2026లో జంటకి మొదటి గీత 2,18,000 డాలర్లు, రెండోది 2,74,000. 2025లో మీకు లక్షా డెబ్భై వేలే కాబట్టి 2027కి బెంగలేదు. 2026లో జీతం మీద కోటి రూపాయల లాభం కలిస్తే రెండో గీత కూడా దాటే అవకాశం ఉంది, దాని దెబ్బ 2028లో తగులుతుంది. ఇప్పటి రేట్లలో ఆ మెట్టు మీద పార్ట్ బి 405.80, అంటే సరిగ్గా రెట్టింపు. ఏడాదికి 2,400 డాలర్ల పైన అదనం, పార్ట్ డి మీద పడేది వేరు. అక్కడ పన్ను కట్టాం కదా అంటే ఇక్కడ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ దొరుకుతుంది, కానీ ఇర్మా లెక్కలో లాభం మొత్తం కనిపిస్తుంది. ఇండియాలోని ఎన్ఆర్ఈ ఖాతా మీది వడ్డీ కూడా అంతే. రిటైరయ్యి జీతం తగ్గితే ఎస్‌ఎస్‌ఏ-44 ఫారంతో సర్‌చార్జి తగ్గించమని అడగొచ్చు. స్థలం అమ్మడానికి ఆ ఫారం పనికిరాదు. 2027లో మీకు మూడు నెలల జీతమే ఉంటుంది, లాభం కలిపినా మొదటి గీత కిందే ఉంటారు. బేరం కుదిరితే అగ్రిమెంట్ ఎలా రాసుకున్నా, రిజిస్ట్రేషన్ జనవరి తర్వాత పెట్టుకునే ముందు మీ సీఏని, ఇక్కడి సీపీఏని ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించండి.

న్యూజెర్సీలో ప్రతి కౌంటీలోనూ స్టేట్ హెల్త్ ఇన్సూరెన్స్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ వాళ్లుంటారు, షిప్ అంటారు. ఉచితంగా కూర్చోబెట్టి చెబుతారు, ఏదీ అమ్మరు. మీ మందుల సీసాల మీది పేర్లూ డోసులూ రాసుకుని వెళ్లండి, డ్రగ్ ప్లాన్ వాళ్లే వెతికి పెడతారు. అన్నింటికంటే ముందు మాత్రం పేరోల్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి, నవంబరు మొదటి జీతం నుంచి హెచ్‌ఎస్‌ఏ కోత ఆపమని.