మూడో పిన్ను జోలికి పోకు

చిట్టీ,

ఆంప్లిఫయర్‌లో ఒక ఐసీ కాలిందనీ, రెండోది వేస్తే స్పీకరు గుయ్‌మంటోందనీ, అయినా మళ్లీ మొదట్నుంచి కడతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. శభాష్. కానీ ఆ గుయ్ పోవాలంటే ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, పీకేస్తే సరని హాస్టల్లో ఎవరో అన్నారట. ఆ మాటకే ఈ ఉత్తరం.

ముందు ఐసీ సంగతి. నువ్వు వాడిన టీడీఏ2030 ఐసీకి ప్లస్ మైనస్ 18 వోల్టులే హద్దు. నువ్వు వేసింది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్. ఆ 12 నిండు లోడు మీద లెక్క. లోడు లేకపోతే చవక రకాలు 14 దాకా ఇస్తాయి. డయోడ్లు దాటి కెపాసిటర్ ఏసీ శిఖరం దాకా నిండేసరికి ఒక్కో వైపు 18 దాటిపోతుంది. 22 వోల్టులు తట్టుకునే టీడీఏ2030ఏ తెచ్చుకో. కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు, మరీ చవకగా ఇస్తే మాత్రం అనుమానించు. కెపాసిటర్లు 4700 మైక్రోఫారడ్, 35 వోల్టులవి. ఐసీ వెనకున్న రేకు లోపల ఐసీ మూడో కాలికి, అంటే మైనస్ సప్లైకి, కలిసి ఉంటుంది. హీట్‌సింక్‌కీ దానికీ మధ్య కరెంటు దాటనివ్వని మైకా పలక, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి.

ఇక గుయ్. ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసి విను. అప్పటికీ ఉంటే తప్పు నీ వైరింగ్‌దే. ఫిల్టర్ కెపాసిటర్లు సెకనుకి 100 సార్లు ఆంపియర్ల కొద్దీ కరెంటు గుంజుతాయి. అది పారే గ్రౌండ్ వైరుకే వాల్యూమ్ కంట్రోల్ గ్రౌండ్ కూడా అతికిస్తే, అక్కడ పడే ఒక్క మిల్లీవోల్టు స్పీకరు దగ్గర 33 అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నడిమి తీగ నేరుగా రెండు కెపాసిటర్లు కలిసేచోటికి వెళ్లాలి. అక్కణ్నుంచి ఒకే ఒక లావు వైరు వేరే బిందువుకి. స్పీకరు, ఇన్‌పుట్, 100 నానోఫారడ్ కెపాసిటర్ల గ్రౌండ్లు విడివిడిగా ఆ బిందువుకే రావాలి.

షార్ట్ చేస్తే పోయి, లాప్‌టాప్ తగిలిస్తే వస్తోందా? లాప్‌టాప్ ఎర్తుకీ ఆంప్లిఫయర్ ఎర్తుకీ మధ్య చుట్టు ఏర్పడిందన్నమాట. పిన్ను పీకితే గుయ్ పోతుంది, నిజమే. కానీ రేపు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చెడితే ఆంప్లిఫయర్ ఇనుప డబ్బా మీద 230 వోల్టులు నిలబడతాయి. కరెంటుకి తిరిగిపోయే దారి లేదు కనక ఫ్యూజు పోదు. ఆ దారి నీ చెయ్యే. పాత ఏసీ-డీసీ వాల్వు రేడియోల ఛాసిస్ మెయిన్స్‌కే తగిలి ఉండేది. వేలికి తగలకుండా నాబ్ స్క్రూల మీద మైనం పోసేవారు. ఇప్పుడు ఆ ఖర్మ మనకెందుకు?

డబ్బాని ఎర్తుకి గట్టిగా బిగించు. ఇన్‌పుట్ సాకెట్టు డబ్బాకి తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు వెయ్యి. నీ గ్రౌండ్ బిందువుకీ డబ్బాకీ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్, దానికి పక్కన సమాంతరంగా 35 ఆంపియర్ల బ్రిడ్జి రెక్టిఫయర్ (నాలుగు డయోడ్ల దిమ్మ) పెట్టు. బ్రిడ్జి ప్లస్, మైనస్ కాళ్లు కలిపేసి, ఏసీ కాళ్లు రెండు కొసలుగా వాడు. గుయ్ తగ్గుతుంది, ఎర్తూ నిలుస్తుంది.

మొదటిసారి 60 వాట్ల ఫిలమెంటు బల్బు మెయిన్స్ వైరుకి సీరీస్‌లో పెట్టి ఆన్ చెయ్యి. మెరిసి మసకబారితే మంచిదే; వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపు. అవుట్‌పుట్‌లో డీసీ 50 మిల్లీవోల్టుల లోపుంటేనే స్పీకరు తగిలించు. ఆన్ చేసేముందు లోపలి వైరింగ్ ఫొటో నాకు పంపు తల్లీ.

మీ మామయ్య