కొత్త కొలువు, కొత్త ఊరు: మీరడిగారు, మేం చెబుతున్నాం

హైదరాబాద్‌లో తొలి ఉద్యోగంలో చేరినవాళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. నలుగురికీ పనికొచ్చే ఆరు ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం.

ఆఫర్ లెటర్‌లో సీటీసీ ఏడాదికి 6 లక్షలని ఉంది. నెలకు 50 వేలు వస్తాయనుకుని 16 వేల అద్దెకు ఫ్లాట్ మాట్లాడుకున్నాను. తీరా మొదటి నెల 37 వేల చిల్లర పడింది. ఇన్‌కమ్ ట్యాక్స్ పడదని హెచ్‌ఆర్ వాళ్లే చెప్పారు. మరి మిగతా డబ్బు ఏమైంది?
— ఒక పాఠకుడు, గచ్చిబౌలి

సీటీసీ అంటే మీ చేతికొచ్చే జీతం కాదు, మీ మీద కంపెనీ పెట్టే ఖర్చంతా కలిపిన లెక్క. మీ ఆఫర్ లెటర్ చివర అనెక్జర్ అని ఒక పట్టిక ఉంటుంది, సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చూడని పేజీ అదే. ఇప్పుడు తీసి చూడండి.

బేసిక్, అంటే మూల వేతనం, నెలకు 25,000 అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ (భవిష్య నిధి) అందులో 12 శాతం, అంటే 3,000. గ్రాట్యుటీ, అంటే ఏళ్లపాటు పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, 4.81 శాతం చొప్పున 1,202. ఈ రెండూ సీటీసీలో ఉంటాయి, మీ అకౌంట్‌లోకి రావు. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం నెలకు ఓ 500 వేసుకోండి. వేరియబుల్ పే ఏడాదికి 60,000 అంటే నెలకు 5,000. అది కంపెనీ లెక్కలు, మీ రేటింగ్ చూసి ఏడాదికోసారో రెండుసార్లో ఇచ్చేది. ఇవన్నీ పోగా 50,000లో మిగిలింది 40,298. పేస్లిప్‌లో గ్రాస్ అని కనిపించేది ఇదే. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 3,000, తెలంగాణలో 20 వేలు దాటిన జీతానికి వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికి 37,098.

వీటిలో పీఎఫ్ 6,000 మీ పేరునే జమవుతుంది కాబట్టి దాని గురించి దిగులు వద్దు. చూసుకోవాల్సింది వేరియబుల్ పే. మొదటి ఏడాది అది పూర్తిగా వస్తుందని ఏ ఈఎంఐ పెట్టుకోకండి. ఆఫర్ చేతికొచ్చినప్పుడు హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "అన్ని కటింగులూ పోను నెలనెలా అకౌంట్‌లో ఎంత పడుతుంది?" దానికి జవాబు మెయిల్‌లో తీసుకోవాలి.

కొన్ని కంపెనీలు బేసిక్ ఎంతున్నా పీఎఫ్ 1,800 మాత్రమే కడతాయి. 15,000 పరిమితి మీద 12 శాతం లెక్క అది, చట్టం ఒప్పుకునేదే. చేతికి కాస్త ఎక్కువ వస్తుంది, దాచుకునేది తగ్గుతుంది.

ఇంకో సంగతి. మీకిది మొదటి ఉద్యోగం, బేసిక్ 15,000 దాటింది. 2014 సెప్టెంబరు 1 తర్వాత ఇలా చేరినవాళ్లకు పీఎఫ్ పెన్షన్ పథకం వర్తించదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోవాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో నెలనెలా 1,250 కనిపిస్తుంటే ఎంట్రీ తప్పుగా వేశారన్నమాట. ఇప్పుడే హెచ్‌ఆర్‌కు రాయండి. నాలుగేళ్ల తర్వాత డబ్బు తీసుకోబోయినప్పుడు క్లెయిమ్ తిరస్కరించారని వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

గది ఖాళీ చేస్తున్నాం. రెండు నెలల అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పెయింటింగ్‌కు పట్టుకుంటానని ఓనర్ అంటున్నారు. మేమున్నది పది నెలలే. గోడల మీద గీతకూడా లేదు. ఇవ్వాల్సిందేనా?
— ఇద్దరు స్నేహితులు, మియాపూర్

ముందు అగ్రిమెంట్ తీయండి. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె అని అందులో రాసుంటే వాదించినా లాభం తక్కువ. హైదరాబాద్‌లో ఇది చాలాచోట్ల నడిచే పద్ధతి. రాసి లేకపోతే, మీరు పాడుచేసిన మేరకే అడగాలని మర్యాదగా, కానీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పండి. పెయింటర్ బిల్లు చూపించమనండి. బిల్లు అడిగేసరికి ఒక నెల కాస్తా సగం నెలకు దిగొస్తుంది.

అసలు పని చేరే రోజే చేయాలి. సామాను దించకముందే ఫోన్‌లో ఇల్లంతా వీడియో తీయండి. గోడల చెమ్మ, బాత్రూంలో పగిలిన టైల్, కారే కుళాయి, తలుపు గొళ్లాలు, గీజర్ ఆన్ చేసినప్పుడు వెలిగే లైటు, ఏవీ వదలొద్దు. ఆ వీడియో అదే రోజు ఓనర్‌కు పంపితే తేదీతో సహా సాక్ష్యం మిగులుతుంది. కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసుకోండి. బిల్లు మీదుండే యూనిక్ సర్వీస్ నంబర్ కొట్టి పాత బకాయి ఉందేమో చూడండి. ముందున్నవాళ్లు ఎగ్గొట్టిన బిల్లుకు ఫ్యూజు పీకేది మీ ఇంట్లోనే.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతుంటారు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే ఈ 11 నెలలు. అందులో నోటీసు ఎన్ని రోజులు, మెయింటెనెన్స్ ఎవరిది, మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలి, పెయింటింగ్ ఎంత, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అనే ఐదు మాటలూ ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి.

ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. మార్చిలో 800 చిల్లర ఉన్న కరెంటు బిల్లు ఏప్రిల్‌లో రెట్టింపు దాటింది. ఏసీ కొత్తగా పెట్టించిన మాట నిజమే గానీ వాడకం ఒకటిన్నర రెట్లే పెరిగింది. మీటర్ తప్పా?
— ఒక పాఠకురాలు, కొండాపూర్

మీటర్ సరిగానే ఉండొచ్చు, మీరు శ్లాబ్ (వాడకాన్ని బట్టి రేటు మారే మెట్టు) దాటారు. ఇప్పుడున్న టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయిందా, మొత్తం లెక్కే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, ఆపై 300 దాకా యూనిట్‌కు 7.70. ఆ ఒక్క యూనిట్ మీద పడే భారం 207 రూపాయల 70 పైసలు. 300 కాలిస్తే 1,790 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలూ మిగతావీ వీటికి అదనం.

ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ గదిని, బయటి ఎండను బట్టి గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. రాత్రి ఆరు గంటలు వేస్తే నెలకు 180. అంటే 200 లోపు ఉండటం ఎండాకాలంలో కుదరని పని, దాని కోసం చెమటలు పట్టి పడుకోవద్దు. కానీ 26లో పెట్టి ఫ్యాను తోడు వేస్తే, పదిహేను రోజులకోసారి ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగితే 400 దాటకుండా ఆపొచ్చు. 400 పైన యూనిట్ 9.50. 2 కిలోవాట్ల గీజర్ పావుగంటకు అర యూనిట్, ముగ్గురికీ కలిపి నెలకు 45. ఏప్రిల్‌లో దాన్ని ఆపేయడానికి అభ్యంతరం ఉండకూడదు. రోజూ ఒకే సమయానికి మీటర్ చూసి వారంపాటు రాసుకుంటే ఎక్కడ కాలుతోందో మీకే తెలిసిపోతుంది.

మాది గుంటూరు. రాయదుర్గంలో ఉద్యోగం. సిటీ బస్సులో ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొట్టాల్సిందే అన్నారు. ఆడవాళ్లకు ఉచితం కాదా?
— ఒక పాఠకురాలు

కండక్టర్ చెప్పింది సరైనదే. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకు. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తారు, అది అడిగి తీసుకోవాలి. మెట్రో డీలక్స్‌లో, మెట్రో రైల్లో అందరూ డబ్బులివ్వాల్సిందే. ఆధార్ చిరునామా ఇక్కడికి మార్చుకోవచ్చు గానీ, అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తున్న స్త్రీశక్తి ఉచిత ప్రయాణం పోతుంది. నెలకు ఎన్నిసార్లు ఊరెళ్తారో చూసుకుని తేల్చుకోండి.

ఆఫీసుకు పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తాను. దోశల పిండి వారానికోసారి రుబ్బుకుందామంటే మిక్సీ మధ్యలో ఆగిపోతోంది, చలికాలంలో పిండి పొంగడం లేదు, ఎండల్లో నానబెట్టిన పప్పే వాసన వస్తోంది. ప్యాకెట్ పిండి పుల్లగా ఉంటోంది. మార్గం చెప్పండి.
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

పదకొండు గంటల నానుడు మినప్పప్పుకు మరీ ఎక్కువ. నాలుగైదు గంటలు చాలు. కాబట్టి పొద్దున కడిగి, నీళ్లు పోసి, గిన్నెలు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. చల్లదనానికి పులియదు, వాసన రాదు. రాత్రికి పప్పు, నీళ్లు రెండూ చల్లగా ఉంటాయి కాబట్టి మిక్సీ జార్ కూడా త్వరగా వేడెక్కదు.

ఒక్కరికి వారానికి ఒక గ్లాసు మినపగుళ్లు, మూడు గ్లాసుల బియ్యం, అర చెంచా మెంతులు సరిపోతాయి. బియ్యం సన్నవి కాకుండా రేషన్ బియ్యమో ఇడ్లీ బియ్యమో అయితే మేలు. మెంతులు పప్పుతోనే నానాలి. రుబ్బే ముందు గుప్పెడు అటుకులు తడిపి బియ్యంలో కలపండి.

500 వాట్ల మిక్సీ జార్‌ను సగానికి మించి నింపకండి. పప్పు రెండు వాయిలు, బియ్యం మూడు నాలుగు వాయిలు. అర నిమిషం తిప్పి, ఒక నిమిషం ఆపి, గరిటెతో అంచులు దింపి మళ్లీ తిప్పాలి. పప్పు గ్లాసుకు ఒక గ్లాసు చల్లటి నీళ్లు, అదీ కొంచెం కొంచెంగా. మొదటే నీళ్లన్నీ పోస్తే పలుకులు బ్లేడుకు దొరక్క పైకి తేలి తిరుగుతుంటాయి, ఎంతసేపు వేసినా నలగవు. నలిగిన పిండి బొట్టు ఒకటి నీళ్లలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకో వాయి తిప్పాలి. మిక్సీ మధ్యలో ఆగిపోతే పాడైపోయిందని కంగారు పడకండి. స్విచ్చాపి, ప్లగ్ తీసి, పది నిమిషాలు చల్లారాక అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

రెండు పిండ్లూ చేత్తోనే కలపండి. గిన్నె సగం ఖాళీగా ఉండాలి, లేదంటే తెల్లారేసరికి గట్టంతా పిండే. ఎండాకాలంలో ఉప్పు పొద్దున కలిపినా చాలు, ఏడెనిమిది గంటల్లో పొంగుతుంది. డిసెంబరు, జనవరిల్లో పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది. ఓవెన్ ఉంటే ఆన్ చేయకుండా అందులో గ్లాసుడు వేడినీళ్ల పక్కన గిన్నె పెట్టి తలుపు మూయండి. కొందరు రైస్ కుక్కర్‌ను వార్మ్‌లో పెట్టి అందులో ఉంచుతారు. ఆ వేడికి పిండి పులియదు, అంచులు ఉడికిపోతాయి.

పొంగిన వెంటనే ఫ్రిజ్‌లోకి. మొదటి రెండు రోజులు ఇడ్లీ, తర్వాత రెండు రోజులు దోశ, పులుపు ఎక్కాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఊతప్పం. గిన్నె మొత్తం బయటపెట్టి మళ్లీ లోపల పెట్టడం వద్దు. కావాల్సినంతే వేరే గిన్నెలోకి తీసుకుంటే ఐదు రోజులు నిలుస్తుంది.

సెప్టెంబరు నెలాఖరుకు కంపెనీ మారుతున్నాను. ఇక్కడ నెలకు లక్ష, అక్కడ లక్షన్నర. పీఎఫ్ తీసేసుకోమని స్నేహితులు అంటున్నారు. ఇంకేం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, మాదాపూర్

పీఎఫ్ తీయకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. 50 వేలు, ఆపైన ఉంటే డబ్బు ఇచ్చే ముందే 10 శాతం పన్ను (టీడీఎస్) కోస్తారు. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేస్తే రెండు కంపెనీల సర్వీసూ కలిపి లెక్కిస్తారు. కొత్త కంపెనీకి మీ 12 అంకెల పాత పీఎఫ్ నంబర్ (యూఏఎన్) ఇవ్వండి, ఇంకోటి పుట్టించనివ్వకండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ పీఎఫ్ పోర్టల్‌లో వేయకపోతే బదిలీ కదలదు. చివరి జమ పడ్డ రెండు నెలల తర్వాత ఆ తేదీ మీరే వేసుకునే వీలుంది. అది కొత్త కంపెనీలో చేరిన తేదీకి ముందే ఉండాలి. ఒక్కరోజు రెండుచోట్లా కనిపించినా చిక్కే.

పన్ను విషయంలో చాలామంది మునిగేది ఇక్కడే. కొత్త పన్ను విధానంలో జీతం 12.75 లక్షల దాకా పన్ను లేదు. పాత కంపెనీ ఏడాదికి 12 లక్షలని లెక్కేసి మీకు ఒక్క రూపాయీ కోసి ఉండదు. కొత్త కంపెనీ ఆరు నెలలకు 9 లక్షలే చూసి, అదీ కోయదు. కానీ మీ చేతికొచ్చింది మొత్తం 15 లక్షలు. జీతగాళ్లందరికీ ఇచ్చే మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) 75 వేలు తీసేస్తే 14.25 లక్షలు, దాని మీద పన్ను 93,750, సెస్సుతో 97,500. రిటర్న్ వేసే జూలైలో ఇంత మొత్తం, వడ్డీతో సహా ఒకేసారి కట్టమంటే ఎక్కణ్నుంచి తెస్తారు? చేరిన వారంలోనే పాత జీతం వివరాలు కొత్త కంపెనీ పేరోల్ వాళ్లకు ఇచ్చేయండి. ఆరు నెలలకు సర్ది నెలకు 16 వేల చొప్పున కోసుకుంటారు. చేతికొచ్చేది తగ్గుతుంది కాబట్టి కొత్త అద్దె, కొత్త బండి ఈఎంఐ ఆ తగ్గిన అంకె మీదే వేసుకోండి.

గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. రెండు ఉద్యోగాల మధ్య పదిహేను రోజులు ఖాళీ ఉంటే, అమ్మానాన్నల పేర్లు కూడా ఆ పాలసీలోనే ఉంటే, ఆ పదిహేను రోజులూ ఎవరికీ కవరేజీ లేనట్టే. వాళ్లకు చేయించాల్సిన ఆపరేషన్‌లాంటిది ఏదైనా ఉంటే రాజీనామా మెయిల్ పంపకముందే తేదీ చూసుకోండి. నోటీసు తగ్గించుకోవడానికి డబ్బు కట్టాల్సి వస్తే అది బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది పాత ఆఫర్ లెటర్‌లో ఉంటుంది. కొత్తవాళ్లు ఆ డబ్బు తిరిగిస్తామంటే రసీదు, పేస్లిప్ భద్రంగా పెట్టుకోండి. కంపెనీ మెయిల్ లాగిన్ చివరి రోజు సాయంత్రానికే తీసేస్తారు కాబట్టి పేస్లిప్పులన్నీ అంతకు ముందే సొంత మెయిల్‌కు పంపుకోవాలి.