మహేంద్రగిరి మీదకి పరుగెత్తాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాదులో నాలుగేళ్ళుగా రోడ్డు మీద పరుగెత్తుతున్నారు, హాఫ్ మారథాన్ రెండు గంటల లోపు పూర్తి చేశారు, బదిలీ మీద ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి వచ్చారు. ఇక్కడి రాతికొండల్లో పరుగుకి మంచి రూట్లు కావాలి, వచ్చే నెలలోనే ఇక్కడి పెద్ద కొండ మహేంద్రగిరి ఎక్కి దిగాలి, ఒంటరిగా వెళ్ళొచ్చా అని.

నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలోనే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. పదకొండేళ్ళుగా ఈ కొండల్లో పరుగెత్తుతున్నాను. ముందుగా మీకు నచ్చని మాట చెప్పేస్తాను: వచ్చే నెల మహేంద్రగిరి వద్దు. ఊపిరితిత్తులు మీకు సిద్ధంగానే ఉన్నాయి, పాదాలూ మోకాళ్ళూ ఇంకా లేవు. వాటికి మూడు నాలుగు నెలలు ఇవ్వండి.

రూట్ల సంగతికొస్తే, ఇక్కడ మ్యాపులో గీత గీసి పెట్టిన ట్రైల్ రూట్లంటూ ఉండవు. ఉన్నవి కాలితోవలు. ఈ కొండల్లో ఉండే సవర గిరిజనుల ఊళ్ళ నుంచి సంతకి, పోడు పొలానికి, పక్క ఊళ్ళో ఆడపడుచు ఇంటికి నడిచి నడిచి పడిన తోవలు. ఫోన్లో చూస్తే అక్కడ పచ్చటి అడవి తప్ప ఏమీ కనిపించదు. అయినా ఇంతకంటే బాగా వేసిన తోవల్ని నేను ఎక్కడా చూడలేదు. నెత్తిన మూట పెట్టుకుని రోజూ నడిచేవాళ్ళు ఎక్కడ తిరగాలో, ఎక్కడ గెడ్డ (కొండవాగు) దాటాలో తరాలుగా తేల్చి పెట్టారు. వాలు మరీ నిటారుగా ఉన్నచోట తోవ దానంతటదే వంకర తిరుగుతుంది. అందుకని దగ్గర్లో సంత ఏ ఊళ్ళో, ఏ రోజు జరుగుతుందో కనుక్కోండి. సంతరోజు ఆ తోవ మీద మనుషులు ఉంటారు. దారి తప్పరు, పడితే చూసేవాళ్ళుంటారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, బరువుతో ఎదురొచ్చేవాళ్ళకి తోవ మనమే ఇవ్వాలి. పక్కకి జరిగి నిలబడండి. వెనకనుంచి దూసుకెళ్ళకండి.

కిలోమీటర్ల లెక్క కొన్నాళ్ళు పక్కన పెట్టేయండి. కొండనడకకి 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు ఆయన చెప్పిన లెక్క ఒకటుంది: ప్రతి 5 కిలోమీటర్లకీ ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. అది నడకకి చెప్పిందే, కానీ మన రాళ్ళ మీద కొత్తవాళ్ళ పరుగుకి దాదాపు సరిపోతుంది. రోడ్డు మీద గంటలో పోయే పది కిలోమీటర్లు ఇక్కడ మూడు గంటలు పడితే మీలో లోపమేమీ లేదు. "ఈ ఆదివారం రెండు గంటలు" అనుకుని బయల్దేరండి, గంట కాగానే ఎక్కడుంటే అక్కణ్ణించి వెనక్కి తిరగండి.

ఇప్పుడు రాయి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మన తూర్పు కనుమల్లో ముఖ్యంగా రెండు రకాల రాళ్ళు కాళ్ళకిందకి వస్తాయి. ఒకటి ఖోండలైటు. ఇక్కడి ఖోందు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రంలో దానికి ఆ పేరు పెట్టారు. ఎండకీ వానకీ ఎర్రబారి, పొరలుగా ఊడి, చిన్న చిన్న పెళ్ళలుగా తోవ మీద పడుంటుంది. ఎక్కేటప్పుడు ఇబ్బంది పెట్టదు, దిగేటప్పుడు అడుగుకింద బంతుల్లా దొర్లుతుంది. రెండోది చార్నొకైటు. నల్లగా, గట్టిగా, పెద్ద పెద్ద బండలు. ఎండాకాలంలో దానిమీద బూటు అతుక్కున్నట్టు నిలుస్తుంది. అదే బండ గెడ్డ పక్కన నాచు పట్టి తడిగా ఉంటే, ఎంత ఖరీదైన బూటైనా నిలవదు. ఎర్రపెళ్ళల మీద చిన్న అడుగులు, నల్లబండ తడిగా ఉంటే పరుగు ఆపి నడక. ఈ రెండూ అలవాటైతే మీ దెబ్బల్లో చాలావరకు తగ్గిపోతాయి.

నాకు ఇది తెలిసింది ఒక సెప్టెంబరులో. వాన వెలిసిన పొద్దున్న ఒంటరిగా వెళ్ళాను, ఎటు వెళ్తున్నానో ఇంట్లో కూడా సరిగ్గా చెప్పలేదు. గెడ్డ దాటుతూ బండ మీద కాలు వేశాను, అంతే. చీలమండ మెలిపడింది. లేవబోతే కాలు ఆనలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. రెండు గంటలకు పైగా ఆ బండ పక్కనే కూర్చున్నాను. సంత నుంచి తిరిగొస్తున్న ఇద్దరు సవర ఆడవాళ్ళు చూశారు. ఒకావిడ మూట దించి ఊళ్ళోకి వెళ్ళి తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది, రెండో ఆవిడ నాతోనే ఉండిపోయింది. ఆ అబ్బాయి వెదురు కొట్టి కర్ర చేసిచ్చి, భుజం పట్టి ఊరిదాకా దింపాడు. వాళ్ళింట్లో చోడి (రాగి) అంబలి ఇచ్చారు. ఒడియా, తెలుగు కలిపి ఆ ఇంటి పెద్దాయన ఒక్కటే అడిగాడు: "వెళ్ళేటప్పుడు మా ఊరిమీదుగానే వెళ్ళావు కదా, చెప్పి వెళ్ళుంటే పొద్దెక్కినా రాలేదని మేమే వెతికేవాళ్ళం కదా?" ఆరు వారాలు పరుగు లేదు. ఆ తరవాత ఏ కొండకెళ్ళినా, తోవలో వచ్చే ఆఖరి ఊళ్ళో ఆగి, ఎటు వెళ్తున్నానో, ఎన్నింటికి తిరిగొస్తానో ఎవరో ఒకరికి చెప్పకుండా ముందుకి వెళ్ళలేదు. వచ్చేటప్పుడు వచ్చానని కూడా చెప్పాలి, లేకపోతే పాపం వాళ్ళు ఎదురుచూస్తారు.

దిగడం కూడా నేను వాళ్ళని చూసే నేర్చుకున్నాను. మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుము బిగబట్టకుండా, పొట్టి అడుగులతో దిగుతారు. చూపు పాదం మీద ఉండదు, మూడు నాలుగు అడుగుల ముందుంటుంది. మనం భయంతో వెనక్కి వాలి మడమ వేస్తాం, జారేది అందుకే.

దిగుడుకి కండ కూడా సిద్ధం కావాలి. ఎక్కేటప్పుడు తొడ ముందుకండ ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు బరువు మోస్తూనే సాగుతుంది, అందులోనే కండ లోపల సన్నగా చిట్లుతుంది. రెండోరోజు మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. మంచి సంగతేమిటంటే ఒకసారి ఓ మోస్తరుగా నొప్పి పడిన కండ ఆ తరవాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొప్పిపడదు. కాబట్టి మొదటి నెల అంతా ఊరికి దగ్గర్లోని మెట్టలు, జీడితోటల మధ్య మట్టిదారులు చాలు. పది నిమిషాలు ఎక్కడం, మెల్లగా దిగడం, వారానికి రెండుసార్లు. రెండో నెల సంత తోవలు, రెండు మూడు గంటలు. గండాహతి జలపాతం వైపు కూడా వెళ్ళొచ్చు, అడవి బాగుంటుంది. జలపాతం అంచు బండల మీదకి మాత్రం ఏ కాలంలోనూ ఎక్కకండి.

కాలం ముఖ్యం. అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి పరుగుకాలం. వానల్లో వాలుతోవలు నమ్మలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి, మనుషులు పోయారు. అప్పుడు చెట్లు కూలి మూసుకుపోయిన తోవలు మళ్ళీ పడటానికి చాలాకాలం పట్టింది. పెద్దవాన కురిశాక కనీసం మూడు నాలుగు రోజులు కొండకి దూరంగా ఉండండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మబ్బు కమ్మితే పిడుగుల భయం ఉంటుంది, గట్టు మీద నిలబడకండి.

మార్చి నుంచి ఇంకో సంగతుంది. ఇప్పపూలు రాలేకాలం, ఆ వెంటనే జీడిపళ్ళ కాలం, రెండూ ఎలుగుబంట్లకి ఇష్టం. అవి పగలు రాతిగుహల్లో, బండల నీడలో పడుకుని, పొద్దు వాలాక మొదలుపెట్టి తెల్లవారేదాకా తిరుగుతాయి. రోడ్డు మీద నాలుగున్నరకే బయల్దేరే అలవాటు మీకుంటుంది, ఇక్కడ అది మానుకోండి. ఎండ నేలమీద పడ్డాకే అడవిలోకి వెళ్ళండి. మలుపుల దగ్గర చప్పట్లు కొట్టండి, గట్టిగా మాట్లాడండి. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు, ఉలిక్కిపడితే మీద పడుతుంది. కనిపిస్తే వెన్ను చూపి పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగండి. ఏనుగులు ఏ వైపు ఉన్నాయో కూడా ఊళ్ళో అడగండి, వాళ్ళకి ముందే తెలుస్తుంది. చలికాలం పొద్దున్నే తోవ మీద ఎండకి పడుకునేది రక్తపింజర. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్, నేరుగా ఆసుపత్రికి. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది, పాముని పట్టుకెళ్ళనక్కర్లేదు.

కొండకి వెళ్ళొచ్చిన నెల లోపు జ్వరం వస్తే మామూలు జ్వరమే అనుకోకండి, ఆరోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.

నీళ్ళు గంటకి అరలీటరు చొప్పున మోయండి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్ళకి కొలిచి ఇచ్చింది, అరలీటరు సీసాలో మొత్తం పోసేయకండి. తినడానికి అటుకులు, బెల్లం, చిక్కీ నాకు ఏ జెల్ కంటే బాగా పడ్డాయి. బూట్లు అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల పళ్ళున్నవి, మామూలు కంటే అరసైజు పెద్దవి తీసుకోండి. దిగుడులో వేళ్ళు ముందుకి గుద్దుకుంటాయి, గోళ్ళు ముందురోజే కత్తిరించండి.

ఒక్కటి ప్రత్యేకంగా అడుగుతున్నాను. కొన్ని సవర ఊళ్ళ దగ్గర నిలువుగా పాతిన రాళ్ళ గుంపులు కనిపిస్తాయి. అవి చనిపోయినవాళ్ళ కోసం గువార్ అనే కర్మ చేసి నిలబెట్టినవి. వాటిమీద కాలు పెట్టి బూటుతాడు కట్టుకోవడం, ఆనుకుని ఫొటో తీసుకోవడం నేను కళ్ళారా చూశాను, చాలా బాధేసింది. దాటేటప్పుడు పరుగు ఆపి నడవండి. ఇళ్ళ లోపలి గోడలమీద బొమ్మలుంటాయని విని తలుపు తోసుకుని వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. అది వాళ్ళ దేవుడి చోటు, పిలిస్తేనే లోపలికి వెళ్ళాలి.

ఇక మహేంద్రగిరి. ఎత్తు 1501 మీటర్లు. ఒడిశా వైపు నుంచి బండ్లు వెళ్ళే దారి ఉంది. కాళ్ళు కుదిరాక మొదట ఆ దారిలోనే సగం ఎక్కి దిగండి. ఆంధ్రాలోని మందస వైపు మైదానం నుంచి కాలినడకన ఎక్కితే 1300 మీటర్లకు పైనే ఎక్కుడు, అంటే నైస్మిత్ లెక్కలో ఎక్కుడుకే రెండు గంటలకు పైన. అది మొదటి ఏడాది పని కాదు. పైన అడవి తెరిపిచ్చి గడ్డి మైదానం వస్తుంది, కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో రాతిగుళ్ళుంటాయి, ఆకాశం తేటగా ఉంటే తూర్పున సముద్రం కనిపిస్తుంది. ఆ కొండలో పుట్టిన మహేంద్రతనయ నదే బారువ దగ్గర అదే సముద్రంలో కలుస్తుంది. చెమటతో ఎక్కి ఆ గాలిలో నిలబడితే ఒళ్ళు క్షణాల్లో చల్లబడుతుంది, పల్చటి గాలికోటు సంచిలో తప్పకుండా ఉండాలి. 2022లో ఆ కొండని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, కాబట్టి తీసుకెళ్ళిన ప్రతి కాగితం తిరిగి తెచ్చుకోండి, రాత్రి ఉండాలనుకుంటే ముందు ఫారెస్టు వాళ్ళని అడగండి. శివరాత్రికి రాత్రంతా జనం ఎక్కుతూనే ఉంటారు. ఆరోజు పరుగు పెట్టుకోకండి, అందరితో కలిసి నడవండి. తోవ ఎలా పోతుందో అంతకంటే బాగా ఇంకెప్పుడూ తెలియదు.

ఒంటరిగా వెళ్ళొచ్చా అన్నారు. మొదటి మూడు నెలలు వద్దు. ఆ తరవాత కూడా వెళ్ళిన తోవల్లోకే, ఆఖరి ఊళ్ళో చెప్పి మాత్రమే. తోడు దొరక్కపోతే ఇక్కడే కింద రాయండి. నవంబరు నుంచి ప్రతి ఆదివారం ఏడింటికి నేను ఏదో ఒక మెట్ట దగ్గరే ఉంటాను, మొదటి రోజు దిగుడు ఒక్కటే చేద్దాం.