పాఠకుల ప్రశ్నలు: పక్కన కూర్చుని వినేవాళ్లకు

ప్రశ్న: టీచర్ గారూ, ముప్ఫై ఏళ్లు పద్దులు చూసి రిటైరయ్యాను. రెండు నెలలుగా ఒక ప్రాథమిక పాఠశాలకు వాలంటీర్‌గా వెళ్తున్నాను. వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున, మూడో తరగతి పిల్లవాడి చేత చదివించడం నా పని. తరగతి పాఠం గడగడా చదివేస్తాడు, కానీ వేలు మాత్రం వేరే పంక్తి మీద ఉంటుంది. కొత్త పుస్తకం ఇస్తే బొమ్మ చూసి ఊహిస్తాడు. మొన్న ‘మాను’ అని ఉన్నచోట ‘చెట్టు’ అన్నాడు. ‘మొలక’ను ‘మెలక’ అంటాడు, ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఈమధ్య నన్ను చూడగానే నీళ్లు తాగి వస్తానని లేచి వెళ్లిపోతున్నాడు. నాకు ఉపాధ్యాయ శిక్షణ లేదు. ఈ పని నాకు తగినదేనా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు ‘మొలక’ సంగతి తేల్చేద్దాం. ఎందుకంటే అందులో పిల్లవాడికంటే మన లిపి తప్పే ఎక్కువ. ఒక కాగితం మీద కొ, గొ, తొ రాసి చూడండి. ఒత్వం అక్షరం నెత్తిన ఉంటుంది. ఇప్పుడు ‘మొ’ రాయండి. నెత్తిన ఎత్వం, పక్కన కొమ్ము! యొ, ఘొ కూడా ఇదే తంతు. చిన్నప్పటినుంచి రాస్తున్నాం కాబట్టి మన కంటికి ఆ తేడా ఆనదు. మీ శిష్యుడు నెత్తిన ఎత్వం చూశాడు, ‘మె’ అన్నాడు. చూసింది చూసినట్టు చదివాడన్నమాట. అటువంటివాణ్ణి ‘కాదు, మొ’ అని పదిసార్లు దిద్దితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, తన కళ్లను నమ్మకూడదని. అలా కాకుండా మె, మొ పక్కపక్కన రాసి, తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఆ కొమ్మును వాడే కనిపెట్టాలి. కనిపెట్టాక ‘యె, యొ’ రాసిస్తే చాలు, మీరు చెప్పకుండానే చదువుతాడు.

ఇక గడగడ చదువు. పంక్తి మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడగండి. పంక్తి మొదటినుంచి పెదవులు కదుపుకుంటూ అక్కడిదాకా వస్తే అది కంఠపాఠం. గుణింతంలో ‘కౌ’ ఏదంటే ‘క కా కి కీ’ అని ఎత్తుకునే పిల్లలను చూసే ఉంటారు. వీడిదీ అదే దారి. ‘మాను’ను ‘చెట్టు’ అనడం మాత్రం నాకు ముచ్చటేసింది. అర్థం పట్టుకుని అక్షరాన్ని వదిలేశాడు. ‘చెట్టే, నిజమే. మరి ఈ మాట ఏ అక్షరంతో మొదలైంది?’ అంటే చాలు.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక లెక్కగా చెప్పారు: రాసిన మాటను పలకగలగడం ఒకటి, విన్న మాట అర్థం చేసుకోగలగడం రెండోది, ఈ రెండింటినీ హెచ్చిస్తే వచ్చేది చదువు. పద్దులు చూసినవారు కాబట్టి మీకు ఇట్టే తెలుస్తుంది, కూడిక కాదు, హెచ్చింపు. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. మీవాడికి రెండోది పుష్కలంగా ఉంది. కరువల్లా మొదటిదానికి.

నీళ్ల విషయానికి వస్తాను. వాడికి దాహం వేయడం లేదండీ.

నేను మొదటిసారి ఇలా కూర్చున్నప్పుడు నా ఎదుట రెండో తరగతి పాప ఉండేది. నోరు తెరిస్తే దిద్దేదాన్ని. ‘ళ’కు ‘ల’ అంటే దిద్దాను, ఒత్తు వదిలేస్తే దిద్దాను, దీర్ఘం తగ్గితే దిద్దాను. నాలుగో వారానికి పాప గొంతు తగ్గింది. ఆరో వారానికి పెదవులే కదిలేవి, మాట నాకు వినిపించేది కాదు. వినిపించకపోతే దిద్దలేరు కదా! ఎంత తెలివైన పాపో చూడండి. నా తెలివితక్కువతనం నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

కాబట్టి మీరు చేయవలసింది కాసేపు ఊరుకోవడం. పిల్లవాడు ఒక మాట దగ్గర ఆగితే మనసులో అయిదు లెక్కపెట్టండి. వినడానికి సులువే గాని చేసి చూడండి, మూడు దగ్గరే నాలుక దురద పెడుతుంది. మేరీ బడ్ రో అనే ఆవిడ తరగతి గదుల్లో గమనించిన విషయం ఇది: ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది మామూలుగా ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ‘తెలియదు’ అనడం తగ్గింది. ఆ రెండు సెకన్లు చాలా పెద్దవి.

జంటగా చదివే పద్ధతి ఒకటుంది. 1970లలో రోజర్ మోర్గన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టాడు, నేను ఇప్పటికీ వాడతాను. ఇద్దరూ ఒకే పుస్తకం, ఒకే పంక్తి, కలిసి పైకి చదవాలి. మీ గొంతు వాడి గొంతును దాటకూడదు. ఒంటరిగా చదవగలననిపించినప్పుడు వాడు బల్లమీద ఒకసారి తడతాడు, మీరు ఆగిపోతారు. తప్పు చదివితే ఆ నాలుగైదు సెకన్లు ఆగి చూడండి. సరిచేసుకోకపోతే ఆ మాట మీరే చెప్పండి, వాడు తిరిగి అంటాడు, మళ్లీ ఇద్దరూ కలిసి సాగుతారు. ఉపన్యాసం లేదు, ‘ఇందాకే చెప్పాను కదా’ లేదు. బల్లమీద తట్టి పెద్దవాళ్ల నోరు మూయించే హక్కు పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతుంది? మీవాడు నీళ్లు మరిచిపోతాడు.

ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్షలా ఉంటుంది, పైగా మీకు పుస్తకం తలకిందులుగా కనిపిస్తుంది. తలుపు తెరిచి ఉన్న గదిలో, టీచర్ల కంట పడేచోట కూర్చోండి. ఫొటోలు తీయకండి. శిక్షణ లేదని బెంగ వద్దు. గుణింతం నేర్పడానికి వాడికి టీచరున్నారు. తడబడుతుంటే తొందరపడకుండా వినే మనిషే లేరు.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థినిని. నాకు అప్పగించిన పాప ప్రతివారం అదే కుందేలు పుస్తకం తెస్తుంది. ఇప్పటికి ఆరుసార్లు చదివాం. కొత్త పుస్తకం కోసం పట్టుబట్టాలా? పరీక్షలప్పుడు నేను నెల రోజులు రాలేను, ఎలా? – ఒక పాఠకురాలు

జవాబు: పట్టుబట్టవద్దు. చిన్న భాగాన్ని తడబాటు పోయేదాకా మళ్లీ మళ్లీ చదివించడం 1979లో జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు వివరించిన పద్ధతే. మీ పాప అది చదవకుండానే అమలు చేస్తోంది. ఒక నిమిషంలో ఎన్ని మాటలు చదివిందో పాప చేతే లెక్కపెట్టించి రాసుకోండి. ఆ తరవాత చదివినప్పుడు మరోసారి లెక్కపెట్టండి. మీకు విసుగైతే కుందేలు ఆ పని ఎందుకు చేసిందో అడగండి, ఆరుసార్లు చదివిన పిల్ల చెప్పే జవాబు మీరు ఊహించలేరు. కొత్త పుస్తకాన్ని దాని పక్కన ఊరికే పెట్టి ఉంచండి.

పరీక్షల సంగతి మాత్రం గట్టిగానే చెబుతున్నాను. నెల రోజులు రాలేకపోవడం తప్పు కాదు, చెప్పకుండా మానేయడం తప్పు. తను సరిగా చదవలేదు కాబట్టే అక్క రాలేదని పిల్లలు అనుకుంటారు. ఒక వారం ముందే పాపకూ టీచరుకూ చెప్పండి. తిరిగి వచ్చే తేదీని కాగితం మీద రాసి, కుందేలు పుస్తకంలో పెట్టించండి.

ప్రశ్న: పుస్తకం పూర్తి చేస్తే బహుమతి ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఇస్తే పిల్లలు పలచని పుస్తకాలు వెతుకుతారు, నేను చూశాను. ఒక నోటుపుస్తకం పెట్టి, చదివిన పుస్తకం పేరు పిల్లవాడి చేతే రాయించండి. పేరులో ఒత్తు తప్పు రాస్తే అలాగే ఉంచండి. నాలుగు నెలల తరవాత పేజీలు తిప్పుతూ ఆ తప్పు తనే పట్టుకుంటాడు.